సిరొంచ పంపే డాక్టరుకు తలకిందుల చదువు

ఎంబీబీఎస్ పాఠాలు చెప్పే మాస్టార్లకు ఈ సలహాలు. ఇవి తప్పుడు సలహాలని మీరు కోప్పడతారు. నేను మాత్రం నమ్మే చెబుతున్నాను.

ముందు పిరమిడ్‌ను తిరగేయండి. డాక్టరు సామర్థ్యానికి 1990లో జార్జ్ మిల్లర్ నాలుగు మెట్లు గీశాడు. అడుగున తెలియడం, ఆపైన ఎలా చేయాలో తెలియడం, తర్వాత పరీక్షకుడి ముందు చేసి చూపడం, కొసన రోగి దగ్గర నిజంగా చేయడం. మనం అడుగు మెట్టు మీదే ఏళ్లు గడిపేస్తాం. మీరు కొస నుంచి మొదలుపెట్టండి. అనాటమీ పుస్తకం తెరవకముందే కుర్రాణ్ణి సిరొంచ బస్సెక్కించండి.

కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే సిరొంచ, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. ఊళ్లో తెలుగు, ఆఫీసుల్లో మరాఠీ, అడవిలోకి పోతే గోండుల మాడియా భాష. ‘ఎక్కడ నొప్పి?’ అని ఈ మూడింటిలో అడగడం వచ్చేదాకా వాణ్ణి రోగి పొట్ట మీద చెయ్యి వేయనివ్వకండి. 1973లో అదే జిల్లాలోని హేమల్కసా చేరిన డాక్టర్లు ప్రకాశ్, మందాకినీ ఆమ్టేలు మాడియా నేర్చుకునే వైద్యం చేశారు.

2019లో వచ్చిన కొత్త సిలబస్ డాక్టరుకు అయిదు పాత్రలు రాసింది. అందులో రోగితో మాట్లాడగలగడం ఒకటి. అది తప్పినవాడి మిగతా పేపర్లు దిద్దనే దిద్దకండి. ఎందుకంటారా? గడ్చిరోలి జిల్లాలో రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లను డాక్టర్ రాణీ బంగ్ బృందం పరీక్షించింది. 92 శాతం మందికి స్త్రీవ్యాధులున్నాయి. అంతకుముందు అలాంటి పరీక్ష చేయించుకున్నవాళ్లు 8 శాతమే. ఈ లెక్క 1989లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది. వాళ్లు చెప్పలేదు, మనం అడగలేదు. అడగడం రాని డిగ్రీని నేను చదువు అనలేను.

పసిపిల్లల వైద్యం ప్రొఫెసర్ దగ్గర కాదు, ఆరోగ్యదూత దగ్గర నేర్పించండి. అభయ్, రాణీ బంగ్‌ల సెర్చ్ సంస్థ అయిదు నుంచి పది తరగతులు చదివిన పల్లె ఆడవాళ్లకు పసికందుల సంరక్షణ నేర్పింది. వాళ్లే ఈ ఆరోగ్యదూతలు. సెప్సిస్‌ను గుర్తుపట్టి సూది కూడా వాళ్లే వేశారు. 39 ఊళ్లలో ఈ పని సాగింది. మూడో ఏటికి పసికందుల మరణాలు, పోలికకు తీసుకున్న ఊళ్లతో చూస్తే, 62 శాతం తగ్గాయి. పెద్ద డిగ్రీ వాళ్లను అలాంటి గురువు ముందు నేల మీద కూర్చోబెట్టండి.

ఫైనల్ పరీక్ష వానాకాలంలో, రోగి ఇంట్లో పెట్టండి. మందు ఎప్పుడు, ఎంత వేయాలో జబ్బుపడ్డ బిడ్డ తల్లికి డాక్టరు చెప్పాలి. తర్వాత వాణ్ణి బయటికి పంపి, ఏం చెప్పాడో ఆమెను అడగండి. ఆమె జవాబుకే మార్కులు వేయండి.