పున్నమికి కాదు, పాడ్యమి పొద్దున వెళ్ళండి

"థాయిలాండ్ వెళ్తున్నాం, ఫుల్ మూన్ పార్టీకి ఏమేం పట్టుకెళ్ళాలి?" అని ఏడాదికి నలుగురైదుగురు నన్ను అడుగుతారు. 2023 నవంబరులో మనవాళ్ళకు వీసా అక్కర్లేదన్నాక ఈ అడగడం ఇంకా పెరిగింది. నేను చెప్పేవి చాలామందికి నచ్చవు. అందరూ చెప్పేదానికి అడ్డంగా చెబుతున్నావంటారు. ఆ చోటు చూసొచ్చాక నాకు తోచిన సలహాలు మాత్రం ఇవే. అడిగిన ప్రతివాడికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను.

మొదటిది, పార్టీ రాత్రి వెళ్ళకపోయినా ఫరవాలేదు గానీ మర్నాటి పొద్దు మాత్రం వదులుకోకండి. అందరూ ఆ వేళకి గదుల్లో పడి నిద్రపోతుంటారు. మీరు ఆరు గంటలకల్లా ఇసుకలో ఉండండి. పున్నమి పున్నమికీ ఈ పార్టీ జరిగే కో ఫంగాన్ దీవి కొసన హాద్ రిన్ అనే ఊరుంది. దానికి రెండు వైపులా రెండు బీచ్‌లు, ఒకటి పొద్దు పొడిచే వైపు, ఇంకోటి పొద్దు గుంకే వైపు. పార్టీ జరిగేది పొద్దు పొడిచే వైపున. 2019లో స్నేహితులతో వెళ్ళినప్పుడు నేను రాత్రీ చూశాను, పొద్దునా చూశాను. రాత్రి చూసింది ఏ బీచ్‌లోనైనా కనిపించేదే. చెవులు చిల్లులు పడే మోత, ఒంటిమీద మెరిసే రంగులు, నిప్పంటించిన తాడు మీంచి గెంతే కుర్రాళ్ళు. పొద్దున చూసిందే ఇప్పటికీ కళ్ళ ముందుంది.

ఒకామె వంగి ఇసుకని దంతె లాంటి ఇనుప పళ్ళకర్రతో లాగుతోంది. యాభై దాటి ఉంటాయి. తలకి తువ్వాలు చుట్టుకుని, పైన వెదురు టోపీ పెట్టుకుంది. పక్కన మూడు గోతాలు. ముందు బీరు సీసాలు ఏరింది. వాటికి డబ్బొస్తుంది. తర్వాత ప్లాస్టిక్ బక్కెట్లు ఏరి ఒకదాంట్లో ఒకటి పేర్చింది. తర్వాత చెప్పులు, ఏ ఒక్కదానికీ జత లేదు. ఆ మూడూ అయ్యేసరికి ఎనిమిదైంది, ఎండ చుర్రుమంటోంది, దుకాణాల వాళ్ళు బల్లలు బయట పెడుతున్నారు. ఇక మిగిలినవి స్ట్రాలు, సీసా మూతలు, సిగరెట్ పీకలు. వాటిని పట్టేంత సన్నవి కావు ఆమె చేతిలోని కర్ర పళ్ళు. స్ట్రా పళ్ళ మధ్యనుంచి జారి, లాగిన ఇసుక కిందకే పోతోంది. పైకి చూస్తే బీచ్ శుభ్రం. నేను కాలి బొటనవేలితో జానెడు లోతు గీస్తే ఏడు స్ట్రాలొచ్చాయి. రంగు వెలిసినవీ ఉన్నాయి వాటిలో, అంటే అవి ఆ రాత్రివి కావు.

అందుకే నా రెండో సలహా: అక్కడ సీసాలు ఏరకండి. ఇది విన్నవాళ్ళు నొచ్చుకుంటారు, ఒడ్డు శుభ్రం చేసే స్వచ్ఛంద సేవకి వెళ్ళి సీసాలు ఏరొద్దంటావేమిటని. సీసా ఆమె కూలి. మీరు ఏరినా ఏరకపోయినా అది గోతంలోకే వెళ్తుంది, అమ్ముడుపోయేది ఏదీ ఒడ్డున మిగలదు. అమ్ముడుపోనిదాన్ని ఎవరూ వంగి తియ్యరు. మీకు చేతులూ ఓపికా ఉంటే పీకలు ఏరండి. పట్టుకుంటే దూదిలా మెత్తగా ఉంటుంది గానీ సిగరెట్ వడపోత ముక్క సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్. ఒక గంట కూర్చుంటే చారెడు చోటు కూడా పూర్తవదు. కూర్చుని చూడండి, తర్వాత మీ అంతట మీరే పీకని జేబులో వేసుకుంటారు.

ఇక బక్కెట్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పిల్లలు ఇసుకలో ఆడుకునేంత చిన్న ప్లాస్టిక్ బక్కెట్. అందులో చిన్న సీసాడు థాయి మద్యం, ఒక కోక్, థాయి రెడ్‌బుల్ ఒకటి, ఐసు ముక్కలు, నాలుగైదు స్ట్రాలు. దుకాణంలో సీసాలన్నీ బక్కెట్‌లోనే నిలబెట్టి, పైన స్ట్రాలు గుచ్చి అమ్ముతారు. అంటే ఒక్కొక్క అమ్మకానికి బక్కెట్, సీసా, డబ్బా, మూతలు, స్ట్రాలు, ఇన్నీ ఇసుక మీదికి దిగుతాయి. రద్దీ నెలల్లో ఒక్క రాత్రికి ఇరవై, ముప్పై వేలమంది వచ్చే చోటది. తలా ఒకటి కొన్నారనుకుని లెక్క వేసుకోండి. "అక్కడికెళ్ళి బక్కెట్ తాగకపోతే వెళ్ళినట్టే కాదు" అని మీకు చెప్పేవాళ్ళుంటారు. ఆ మాట వినకండి. ఇంటినుంచి ఒక స్టీలు చెంబు పట్టుకెళ్ళండి. నిజంగానే చెబుతున్నాను. మా వాళ్ళలో ఒకడు, "ఒరేయ్, అంత దూరం వెళ్ళి చెంబుతో తాగుతావా?" అని నన్ను ఆపబోయాడు. నేను తాగింది నిమ్మరసమూ కొబ్బరినీళ్ళూ. దుకాణంలో చెంబు ముందుకు చాపితే ఆ అమ్మాయి మారు మాట్లాడకుండా పోసిచ్చింది. మత్తులో ఏది ఎంత తాగుతున్నామో లెక్క ఉండాలన్నా చెంబే మేలు. బక్కెట్‌లో ఐదుగురు ఐదు స్ట్రాలు పెట్టి పీలుస్తుంటే ఎవరు ఎంత తాగారో ఎవరికి తెలుస్తుంది? అందులో ఎవరు ఏం కలిపారో ఎవరు చూస్తారు?

ఈ పార్టీ మొదలైనప్పుడు ఇలా లేదు. 1980ల మధ్యలో, ఇదే హాద్ రిన్ ఒడ్డున, ప్యారడైజ్ బంగళాల దగ్గర ఇరవై ముప్పై మంది దేశదిమ్మరులు ఒక పున్నమి రాత్రి కలిసి కూర్చున్నారు. పుట్టినరోజని కొందరంటారు, వీడ్కోలని కొందరు. అప్పటికి ఈ దీవి బతుకు కొబ్బరి, చేపలు. మన కోనసీమవాళ్ళు అక్కడ దిగితే తోటలు చూసి మన ఊరే అనుకుంటారు. తేడా అల్లా ఒక్కటే, ఆ సూరత్ థాని ప్రాంతంలో కోతులకి తర్ఫీదు ఇచ్చి కాయలు దింపించడం ఉంది. పాతకాలంలో థాయి రాజు ఐదో రాముడు ఈ దీవికి ఎన్నోసార్లు వచ్చి, తాన్ సదెత్ వాగు దగ్గర రాళ్ళ మీద తన పేరు పొడి అక్షరాలు చెక్కించుకున్నాడు. అవి ఇప్పటికీ ఉన్నాయి. పార్టీకి వెళ్ళినవాళ్ళలో ఆ వాగు చూసొచ్చిన మనిషి నాకు ఒక్కరూ తగల్లేదు. మీరు తప్పక వెళ్ళండి.

పున్నమినాడు ఒడ్డున కూడటం కూడా ఆ దీవి కొత్తగా కనిపెట్టింది కాదు. గోవాలో అంజునా ఒడ్డున హిప్పీలు 1970ల్లోనే పున్నమి రాత్రుళ్ళు పాటలు పెట్టుకున్నారు. నాకు ఇరవై ముప్పై మంది అన్న లెక్క ముఖ్యం. ముప్పై మంది తాగి తిన్న చెత్తని పొద్దున్నే ఇద్దరు మోసుకుపోగలరు. ముప్పై వేలమందిది ఏ ఊరూ మోయలేదు, అందులోనూ చుట్టూ నీళ్ళున్న దీవి అసలే మోయలేదు. అక్కడ పారెయ్యడానికి "ఊరి బయట" అనే చోటు లేదు. అందువల్ల మీకు బీచ్ పార్టీ చేసుకోవాలని సరదాగా ఉంటే, పుట్టినరోజుకి పిలిచేంతమందితోనే చేసుకోండి. వేలమంది ఉన్నచోటే సందడి అని చెప్పేవాళ్ళు, పొద్దున్నే అక్కడ ఉండరు.

టికెట్ కొనేముందు పంచాంగం చూడండి. ఇది చాదస్తమనుకోకండి. థాయిలాండ్ బౌద్ధుల దేశం, పున్నమి వాళ్ళకి పుణ్యదినం. మాఖ బూచా, విశాఖ బూచా, ఆసాన్హ బూచా అని వాళ్ళ పెద్ద పండగలు మూడూ పున్నమికే వస్తాయి. పేర్లు వింటేనే తెలుస్తుంది, మాఘం, వైశాఖం, ఆషాఢం. బూచా అంటే పూజే. బుద్ధుడి పుట్టుకా, జ్ఞానోదయమూ, నిర్యాణమూ వైశాఖంలో తలుచుకుంటారు, మొదటి ఉపదేశాన్ని ఆషాఢంలో. పండగ పడిన నెల పార్టీని ముందుకో వెనక్కో జరుపుతారు. మీరు వెళ్ళేసరికి పార్టీ లేదని తెలిస్తే దిగులు పడొద్దు. అటువంటి పున్నమికే వెళ్ళమని నా సలహా. సాయంత్రం ఊళ్ళో గుడికి వెళ్తే మనుషులు పువ్వు, అగరుబత్తి, కొవ్వొత్తి చేత్తో పట్టుకుని చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేస్తుంటారు. ఒడ్డున మోత లేని పున్నమి ఎలా ఉంటుందో కూడా తెలుస్తుంది.

పార్టీకే వెళ్తానంటారా, కాళ్ళకి బూట్లు వేసుకోండి. ఇసుకలో బూట్లేమిటని అనేవాళ్ళు పగిలిన సీసా పెంకు అరికాల్లో దిగినప్పుడు మీకు కట్టు కట్టరు. నిప్పు తాడు జోలికి పోకండి. చీకట్లో స్పీడ్ బోటు ఎక్కకండి. గది దొరకనివాళ్ళు పక్కనున్న సమూయి దీవినుంచి వచ్చి అర్ధరాత్రి దాటాక తిరిగి వెళ్తుంటారు. 2005 జనవరిలో అలాగే కిక్కిరిసి బయల్దేరిన పడవ ఒకటి మునిగి పది మందికి పైగా పోయారు. తెల్లారాక వచ్చే పెద్ద పడవలో కూర్చుని వెళ్ళండి.

దారి మొదట్లో కొంత డబ్బు కట్టించుకుని చేతికి పట్టీ కడతారు, శుభ్రం చేయడానికని. ఆ డబ్బు కట్టండి. కట్టి, కట్టలేదనుకోండి. నేను గమనించింది ఇది: పట్టీ కట్టించుకోగానే మనిషి చెయ్యి తేలికవుతుంది. నా పక్కనున్న కుర్రాడు కాళ్ళ దగ్గర స్ట్రా పడేస్తే చూశాను. అతను తన మణికట్టు చూపించాడు.

మరో మాటకి నామీద కోప్పడినవాళ్ళూ ఉన్నారు. మీరు డబ్బు పెట్టి వెళ్తున్న దీవిని కొన్నాళ్ళు మూసేస్తామంటే సంతోషించండి. ఫిలిప్పీన్స్‌లో బొరాకాయ్ అని చిన్న దీవి ఉంది, పది చదరపు కిలోమీటర్లు. అక్కడా మే ఒకటికి ఒడ్డు మీద పెద్ద పార్టీ జరిగేది. మురుగు నేరుగా సముద్రంలోకి పోతోందని 2018 ఏప్రిల్ 26 నుంచి ఆరు నెలలు దీవిని పర్యాటకులకి మూసేశారు. తెరిచాక ఒడ్డు మీద పార్టీలు, తాగడం, పొగతాగడం మానిపించారు. థాయిలాండ్‌లోనే మాయా బే అనే ఖాతాన్ని అదే ఏడాది జూన్‌లో మూసి, 2022 జనవరి దాకా తెరవలేదు. ఈ మధ్యలో ఖాతంలోకి నల్లరెక్క సొరచేపలు తిరిగొచ్చాయి. ఆ ఆరు నెలలు బొరాకాయ్‌లో కూలీలు పస్తులున్న మాట నిజం, దాన్ని తేలిగ్గా తీసెయ్యలేను. మూసేటప్పుడు ముందు వాళ్ళ తిండి చూడాలి. చూసి, మూయాలి. కరోనాలో ఫుల్ మూన్ పార్టీ ఎలాగూ ఆగింది, 2022లో మళ్ళీ మొదలైంది. ఏడాదికి పన్నెండు పున్నములుంటే అందులో ఆరింటికి ఆ ఒడ్డుకి సెలవివ్వాలని నా కోరిక.

ఇదంతా విని మనవాళ్ళు, "ఆ తెల్లవాళ్ళంతే" అని తేల్చేస్తారు. అలా అనే ముందు కార్తీక పౌర్ణమి మర్నాడు సూర్యలంక వెళ్ళండి. మాది బాపట్ల దగ్గర పల్లె. అక్కడా పున్నమికే జనం, సముద్ర స్నానానికి. మందు బక్కెట్లుండవు గానీ పసుపు కుంకాల కవర్లు, షాంపూ పొట్లాలు, వదిలేసిన తడి బట్టలు ఉంటాయి. నా చిన్నప్పుడు దీపం అరటి దొప్పలో వదిలేవాళ్ళం. ఇప్పుడు థర్మాకోల్ పళ్ళెంలో వదులుతున్నారు, మునగదని. పున్నమికి సముద్రం పోటు మీద ఉంటుంది, మామూలు రోజుల కంటే పైకి వస్తుంది. మనం ఒడ్డున వదిలింది అదే రోజు దానికి బాగా అందుతుంది. "బాబూ, పున్నం వెళ్ళాక రెండు రోజులు వలలో చేపల కంటే కవర్లే ఎక్కువ" అని అక్కడి పెద్దాయన ఒకాయన నాతో అన్నాడు. ఆయన వల విప్పుతుంటే చూశాను. మెతక కవరు కన్నుకీ కన్నుకీ మధ్య చుట్టుకుపోతే లాగకూడదు, లాగితే వల చిరుగుతుంది. గోటితో కొంచెం కొంచెంగా విడదీయాలి. ఒక్క కవరు తీయడానికి ఆయన బీడీ మొత్తం అయిపోయింది.

కాబట్టి నా ఆఖరి సలహా, ఫంగాన్‌కి డబ్బు చాలకపోతే బెంగ వద్దు. కార్తీకానికి మీకు దగ్గరున్న ఒడ్డుకే వెళ్ళండి. అరటి దొప్ప పట్టుకెళ్ళండి, పసుపు ఇంట్లోనే కాగితంలో పొట్లం కట్టుకోండి, తడిబట్టలకి సంచి ఉంచుకోండి.

హాద్ రిన్‌లో ఆ పొద్దున, ఆమె పేర్చిన దొంతరలోంచి ఒక బక్కెట్ ఇమ్మని సైగ చేసి అడిగాను. ఎర్రది, తెల్ల పిడి. ఇచ్చేసింది, డబ్బు ఇవ్వబోతే వద్దంది. కడిగి సూట్‌కేసులో పెట్టి తెచ్చాను. ఒక రాత్రికని కొన్న బక్కెట్ అది. మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్తే పిడి ఊడలేదు, అంచు పగల్లేదు. మా అమ్మ అందులో ముగ్గుపిండి పోసుకుంటోంది.