చదరపు అడుగుకి ఎంత?

గ్రంథాలయానికి కళ అద్దడం మన దగ్గర మహా సులువు. ముందు కట్టడం పూర్తవుతుంది, సున్నాలు పడతాయి, మంత్రిగారి తారీఖు ఖరారవుతుంది. అప్పుడు ఎవరికో ముందు గోడ బోసిగా కనిపిస్తుంది. వెంటనే టెండరు. చదరపు అడుగుకి ఎవడు తక్కువ చెబితే వాడే చిత్రకారుడు. నిన్న ఫ్లైఓవర్ స్తంభాలకు నెమళ్లు వేసిన చేయి ఇవాళ జ్ఞానం వేస్తుంది. తెరిచిన పుస్తకం, అందులోంచి లేచే పావురాలు, పక్కన దీపం. ఆ పుస్తకంలో అక్షరాలుండవు, అడ్డగీతలుంటాయి. ఏ భాష అని అడక్కండి, జాతీయ సమైక్యత అనుకోండి.

ఉదాహరణకు, సూరత్‌లో గోడనిచ్చినా ఈ పద్ధతి ఆ పావురాలనే ఎగరేస్తుంది. ఆ ఊళ్లో సరుకు లేకనా? 1850 నాటి ఆండ్రూస్ లైబ్రరీ అక్కడుంది. కార్పొరేషన్ కేంద్ర గ్రంథాలయానికి పేరిచ్చిన కవి నర్మద్ 1833లో ఆ ఊళ్లోనే పుట్టాడు. కలాన్నే నమ్ముకుంటానని 1858లో పంతులుద్యోగం వదిలేశాడు, అప్పులపాలయ్యాడు, అయినా గుజరాతీ నిఘంటువు కూర్చి 1873లో అచ్చేయించాడు. ఆయనే మన టెండరుకు వస్తే ధరావతు కట్టలేక గుమ్మంలోనే ఆగిపోయేవాడు.

అదే సూరత్‌లోని లింబాయత్‌లో మరమగ్గాల చప్పుడు మధ్య మన పద్మశాలీల ఇళ్లున్నాయి. వాళ్ల పిల్లల కోసం కార్పొరేషన్ తెలుగు బడులూ నడుపుతోంది. గుజరాతీ, మరాఠీ, ఒడియా, తెలుగు పక్కపక్కనే చదివే ఊరు! పడుగూ పేకా అక్షరాలుగా మారే గోడ అక్కడ ఎంత బాగుంటుందో చిత్రకారుడికి ఒకరు చెప్పాలా? చెప్పక్కర్లేదు, అడగాలి. అడగడానికి టెండరు ఫారంలో గడి లేదు.

ముందే అడిగితే ఏమవుతుందో మెక్సికోలో చూడండి. అక్కడ చిత్రకారుడు హువాన్ ఓ గోర్మన్ 1950లలో విశ్వవిద్యాలయ గ్రంథాలయం గోడలన్నీ రంగురాళ్లతో కప్పేశాడు. కట్టడం రూపకల్పనలోనూ ఆయనే ఉన్నాడు, రాళ్లు దేశం నలుమూలలా ఏరించాడు. మన దగ్గరైతే ఆ రాళ్ల లారీ కిరాయి మీద ఆడిట్ అభ్యంతరం ఇప్పటికీ నలుగుతూండేది.

కమిషనరుగారూ, తర్వాతి గ్రంథాలయం నక్షా గీసే రోజునే చిత్రకారుణ్ణి పిలవండి, ఇంజనీరు పక్కన కుర్చీ వేయండి. రేటు మాట తర్వాత. ముందు ఆయన్ను ఓ వారం లింబాయత్‌లో తిరగనివ్వండి. అంత తీరిక లేదంటారా, గోడకు వెల్ల వేయించి వదిలేయండి. ఆ డబ్బుతో తెలుగు పుస్తకాలు కొనండి.