మూడు వేల అడుగుల ఎత్తున ఆదర్శ వ్యవసాయం

వ్యవసాయ శాఖ వారు ఆదర్శ రైతు అనీ ఉత్తమ విస్తరణాధికారి అనీ అప్పుడప్పుడూ సన్మానాలు చేస్తుంటారు. ఒక శాలువా, ఒక ఫొటో, ఎవరికైనా సరిపోయే ప్రశంసాపత్రం. ఆ రెండో అవార్డుకి నా తరఫున ఒకరిని సిఫార్సు చేద్దామని ఉంది. చిక్కల్లా ఆయన పేరు నాకు తెలియదు. పోలీసు వారికీ తెలిసినట్టు లేదు. వార్తల్లో ఆయన ఎప్పుడూ "పరారీలో ఉన్న ప్రధాన సూత్రధారి"గానే కనిపిస్తాడు. అంత నిరాడంబరుడు.

ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు కొండల మీద ఏళ్ల తరబడి గంజాయి పండించిన మహానుభావుడాయన. పండించాడంటే గోచీ బిగించి చేలో దిగాడని కాదు. నేల గిరిజనుడిది, చాకిరీ గిరిజనుడిది, చివర్లో కేసు కూడా గిరిజనుడిదే. మధ్యలో ఉన్నదంతా ఆయనది. ఏజెన్సీలో గిరిజనేతరులు సెంటు భూమి కొనడానికి వీల్లేదని 1970 నుంచి 1/70 చట్టం ఘోషిస్తోంది. ఆయన కొనలేదు. రిజిస్ట్రేషన్ లేదు, పాసు పుస్తకం లేదు, తహసీల్దారు సంతకం లేదు. పంట మాత్రం ఆకుతో సహా ఆయనదే. 1/70 అక్షరానికి ఇంత విధేయుడు మైదానంలో వెతికినా దొరకడు.

ఆయన సేవలు చూడండి. విత్తనం ఊళ్లోకి తెచ్చి ఇస్తాడు. "ఆధార్ లింకయిందా, ఈ-క్రాప్‌లో ఎక్కిందా" అని అడగడు. ఎరువుల బస్తా కొండెక్కిస్తాడు. గెడ్డలో మోటారు వేసి పైకి పైపు లాగిస్తాడు. అసలు సంగతి, నాటకముందే చేతిలో డబ్బు పెడతాడు. పిల్లాడికి జ్వరం వస్తే ఇంకొంత పెడతాడు. ఆ ఇంకొంత తరవాత ఎంతవుతుందన్నది వేరే కథ, అది బ్యాంకుల వాళ్లకీ తెలిసిన కథే. తొలకరికి మొదలుపెట్టిన పంట చలికాలానికి కోతకొస్తుంది. కోశాక రైతు మార్కెట్ యార్డుకు వెళ్లక్కర్లేదు, మార్కెట్టే రాత్రిపూట బండి మీద ఇంటికొస్తుంది.

ఇప్పుడు చట్టబద్ధమైన పంట సంగతి కూడా చూద్దాం. ఏజెన్సీ పసుపుకి మంచి పేరుంది. పేరు కాదు, అది సంతకెళ్లే తీరు చూడాలి. తవ్వి, ఉడకబెట్టి, వాకిట్లో ఎండబెట్టి, కావిడికెత్తి, చీకటితోనే కొండ దిగి సంతకొస్తారు ఆలుమగలు. షావుకారు గోనె సంచీ మూతి విప్పుతాడు. పైనున్నవి ముట్టుకోడు, మోచేయి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి ఒక కొమ్ము తీస్తాడు. చెవి దగ్గర పెట్టుకుని విరుస్తాడు. బాగా ఎండిన కొమ్ము ఠంగున విరగాలి. ఠంగుమన్నా ఆయన చెవికి వినిపించదు. "తేమ ఉందమ్మా" అంటాడు. కిలోకి ఇంత కోత. తూకంలో తరుగని ఇంకొంత. వాళ్లు బేరమాడరు. బేరం చెడితే ఆ సంచీ మళ్లీ కొండెక్కాలి మరి, ఆ మాట ఆయనకు తెలుసు. సంచీ చుట్టుకుని, ఉప్పూ ఎండుచేపలూ కొనుక్కుని వెళ్లిపోతారు.

గంజాయి కొనడానికొచ్చిన వాడు చెవి దగ్గర పెట్టుకుని ఏమీ విరవలేదు. మన విస్తరణాధికారికీ షావుకారుకీ తేడా అంతే. ఈ తేడా మీద విశ్వవిద్యాలయాల వాళ్లు ఒక సదస్సు పెట్టొచ్చు.

అసలీ పంటకు కొండే ఎందుకు అని అడిగితే పండితులు చాలా చెబుతారు. వాలు నేలలో నీళ్లు నిలవవు. రాత్రి చల్లగా ఉంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ ఎండలో అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి, వాటిని కాచుకోవడానికే మొక్క జిగురు ఎక్కువ కారుస్తుందని వృక్షశాస్త్రంలో ఒక వాదం. అన్నీ నిజమే కావచ్చు. నన్నడిగితే మన్యంలో ఈ పంటకు బాగా పడిన ఎరువు రోడ్డు లేకపోవడం. యాభై ఏళ్ల పాటు ఏ శాఖకు ఆ శాఖ శ్రద్ధగా వేసిన ఎరువది.

నిండు గర్భిణిని డోలీలో మోసుకొస్తున్న ఫొటో మన పత్రికల్లో వానాకాలంలో పంచాంగంలా తప్పకుండా వస్తుంది. రెండు వెదురు బొంగులు, ఒక దుప్పటి, నలుగురు మనుషులు, మోకాలి లోతు గెడ్డ. ఎందుకమ్మా అంటే రోడ్డు లేదు, అంబులెన్సు రాదు. సరే. అదే కొండ మీద నుంచి, అదే భుజాల మీద దిగిన గంజాయి పుణె చేరింది, చెన్నై చేరింది, కేరళ చేరింది. నూట ఎనిమిదికి దొరకని దారి దానికెలా దొరికిందో రోడ్లు భవనాల శాఖ ఆ మహానుభావుణ్ణి పిలిపించి అడిగితే బాగుంటుంది. నక్షా ఉచితంగా ఇస్తాడేమో కూడా.

రవాణాలో మర్యాద ఇంకా గొప్పది. సరుకు బండికి ముందు ఒక కారు వెళ్తుంది. చెక్‌పోస్టు ఉందా లేదా అని చూసి ఫోన్ చేస్తుంది. దాన్ని పైలట్ అంటారు. మన రాష్ట్రంలో ముందు పైలట్ పెట్టుకుని తిరిగేది మంత్రులూ, గంజాయీ. సరుకేమో పనసకాయల కింద, గుమ్మడికాయల మధ్య, ట్యాంకరు కడుపులో. ఎక్కడ పట్టుబడినా మర్నాడు మా పత్రికల వాళ్లం రాసే హెడ్డింగ్ ఒకటే: "పుష్ప సినిమా తరహాలో..." ఆ సినిమా 2021 డిసెంబరులో వచ్చింది. గంజాయి కొండ దిగడం అంతకు ఎన్నో ఏళ్ల ముందే మొదలైంది. కాబట్టి ఎవరి తరహాలో ఎవరు నడిచారన్నది సినిమావాళ్లూ వాళ్లూ తేల్చుకోవాల్సిన విషయం.

పొలానికి నిపుణుడు వెళ్లడం ఈ పంటకు కొత్త కూడా కాదు. తెల్లదొరల కాలంలో, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న నౌగావ్ ప్రాంతంలో గంజాయిని లైసెన్సు మీద పండించేవారు. మగ మొక్కల్ని ముందే గుర్తుపట్టి పీకేయడానికి ఒక నేర్పరి చేలన్నీ తిరిగేవాడు. ఆయన్ని గంజా డాక్టర్ అనేవారు. 1893–94లో సర్కారు వేసిన విచారణ కమిషన్ 1,193 మందిని విచారించి, సంపుటాలకు సంపుటాలు రాసి, పూర్తిగా నిషేధించాల్సిన అవసరం లేదని తేల్చింది. ఆ సంపుటాల్లో నాకు నచ్చింది ఈ డాక్టరే. కొండ మీద మనిషిని చూడటానికి డాక్టరు వెళ్లడం ఇప్పటికీ వార్తే గదా.

ప్రభుత్వం ఊరుకుందా అంటే ఊరుకోలేదు. 2021 అక్టోబరు చివర్లో ఆపరేషన్ పరివర్తన మొదలైంది. ఉపగ్రహ చిత్రాలు, డ్రోన్లు, కత్తులతో వందల మంది. సుమారు ఏడున్నర వేల ఎకరాల్లో పంట నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోలు గుట్టలు పోసి నిప్పంటించారు. ఆ వేళ గాలి ఎటు వీచిందో ఎవరూ రాయలేదు. కొన్ని ఊళ్లకు సర్కారు అంత బలగంతో రావడం అదే మొదటిసారి. వచ్చిన వాళ్లు కత్తులతో వచ్చారంటే వాళ్ల తప్పు కాదు, సంచీలతో రావాల్సిన శాఖలు వేరే. తరవాత సంచీలూ వచ్చాయి లెండి. రాజ్‌మా గింజలు, కాఫీ మొక్కలు, మిరియాల తీగలు. 2024 చివర్లో ఈగల్ అని ప్రత్యేక దళమే పెట్టారు, ఫోన్ నంబరు 1972. సాగు బాగా తగ్గిందని అధికారులంటున్నారు. నమ్ముదాం. సరుకిప్పుడు ఎక్కువగా మల్కన్‌గిరి, కోరాపుట్ వైపు నుంచి వస్తోందట. గెడ్డ దాటితే ఒడిశా. కప్పకి ఒక గెంతు.

నాకు అర్థం కానిది ఎత్తుకీ చట్టానికీ ఉన్న సంబంధం. ఏజెన్సీలో కత్తులు తిరుగుతున్న ఆ 2021 నవంబరులోనే, ఢిల్లీలో ఆహార భద్రతా సంస్థ వారు ఇదే మొక్క గింజల్నీ, గింజల నూనెనీ, పిండినీ నిక్షేపంగా తినొచ్చని గెజిట్‌లో వేశారు. అంతకు ముందటి ఏడాది డిసెంబరులో వియన్నాలో ఐక్యరాజ్యసమితి వారు గంజాయిని అత్యంత ప్రమాదకరమైన మందుల జాబితాలోంచి తీసేయాలా వద్దా అని ఓట్లు పెడితే 27–25తో తీసేయాలని తేలింది. ఆ 27లో మన దేశం ఓటు ఒకటి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో పూత ఉన్న కొమ్మ గంజాయి, అదే మొక్క ఉత్త ఆకు గంజాయి కాదు. ఆ ఆకు నూరితే భంగు. మైదానాల్లో, కొన్ని ఉత్తరాది రాష్ట్రాల్లో, దానికి లైసెన్సు దుకాణాలున్నాయి. కాస్త పైకి రండి. పాడేరు దగ్గర, మూడు వేల అడుగుల ఎత్తున, ఆ మొక్క పెంచితే పదేళ్ల దాకా జైలు. ఇంకా పైకెళ్లండి. ఉత్తరాఖండ్‌లో అది పరిశ్రమ, మత్తు 0.3 శాతం మించకపోతే లైసెన్సు. హిమాచల్‌లో మలానా ఊరు 8,500 అడుగులు దాటిన ఎత్తున ఉంది. అక్కడ అరచేతుల మధ్య నలిపి తీసే చరస్‌కు దేశదేశాల్లో పేరు. అక్కడా నేరమే, కాకపోతే ఆ రాష్ట్ర మంత్రివర్గం 2025 జనవరిలో గంజాయి మొక్కను మందులకూ పరిశ్రమకూ పండించవచ్చేమో చూడమని రెండు విశ్వవిద్యాలయాలకు అప్పజెప్పింది. పైకెళ్లేకొద్దీ ప్రాణవాయువు పలచబడుతుందని చదువుకున్నాం. సెక్షన్లూ పలచబడతాయని పుస్తకంలో లేదు. మన కొండలు ఇంకో ఐదు వేల అడుగులు పెరిగి ఉంటే మన వాళ్లు కూడా పారిశ్రామికవేత్తలయ్యేవారు.

పెరగలేదు కాబట్టి జైల్లో ఉన్నారు. 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం. పదేళ్లకు తక్కువ కాకుండా ఇరవై ఏళ్ల దాకా శిక్ష, లక్షకు తగ్గని జరిమానా, బెయిలు గగనం. ఇదంతా పెద్ద వ్యాపారుల్ని వణికించడానికి పెట్టిన లెక్క. పెద్ద వ్యాపారి మూట మోయడు. మోసేవాడికి తన మూట 19 కిలోలో 21 కిలోలో తెలియదు, భుజానికి కాటా ఉండదు. రోజు కూలీకి దొరికిన పని అనుకుని కొండ దిగిన కుర్రాడు "వాణిజ్యం" చేసినట్టు రికార్డులో ఎక్కుతాడు. ప్యాకెట్లు బల్ల మీద పేర్చి, వెనక అధికారులు నిలబడి, ముందు ముసుగేసుకుని కూర్చోబెట్టిన వాళ్ల ఫొటో వస్తుంది చూడండి, ఆ కాళ్ల వైపు చూడండి. చాలామందికి హవాయి చెప్పులు. ఆ చెప్పులతో ఎవరూ పుణెలో ఫ్లాటు కొనలేదు.

న్యాయానికి కాఫీ గురించీ ఒక మాట చెప్పాలి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్యారిస్‌లో కొట్టు పెట్టారు, 2025లో పార్లమెంటు ఆవరణలో స్టాలూ పెట్టారు. కాఫీ నిజంగానే మంచి పంట, నీడలో పెరుగుతుంది, కొండను కాపాడుతుంది, ఎందరో గిరిజనుల్ని నిలబెట్టింది. కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, అంతే. ఆ మూడు నాలుగేళ్లూ రైతు ఏం తినాలన్నది ప్రత్యామ్నాయ పంటల కరపత్రాల్లో వెతికాను. నీడ కోసం సిల్వర్ ఓక్ ఎంత దూరాన నాటాలో ఉంది.

ఇంత గోల ఎందుకు, హిమాచల్ ఆలోచిస్తున్నట్టు మనమూ చట్టబద్ధం చేసేస్తే పోలా అనే మేధావులు బయల్దేరారు. చేయొచ్చు. ఎలా ఉంటుందో కూడా కళ్లకు కడుతోంది. ముందు ఒక కమిటీ కులూ మనాలీ వెళ్లి అధ్యయనం చేసి వస్తుంది, సకుటుంబంగా. తరవాత పాలసీ. పాలసీకి ఒక పేరు, పేరుకి ముందు ఎవరిదో పేరు. నగరం నుంచి ఒక కంపెనీ ఎంవోయూ రాసుకుంటుంది. విత్తనం కంపెనీది, లైసెన్సు కంపెనీది. మత్తు 0.3 శాతం దాటకూడదు. దాటితే పంట తగలబెట్టాలి, ఖర్చు రైతుది. ఉత్తరాఖండ్ కొండల్లో తరతరాలుగా మొలుస్తున్న నాటు రకాలే చాలావరకు ఆ గీత దాటేసి కూర్చున్నాయి, కొండ మీద సూర్యుడికి గెజిట్ అందక. పరీక్ష చేసే ల్యాబు విశాఖలో ఉంటుంది, సోమవారం సర్వర్ డౌన్. ఈ-క్రాప్, కేవైసీ, కొనుగోలు కేంద్రం, టోకెన్. ఆ కేంద్రం ముందు తెల్లారకుండా కొండ దిగి వచ్చిన ఒక ముసలమ్మ, పక్కన మూట. సిబ్బందిలో ఒకాయన మూట విప్పి, లోపలికంటా చెయ్యి పెట్టి, ఒక రెబ్బ తీసి వాసన చూస్తాడు.

"తేమ ఉందమ్మా. కిలోకి నూట యాభై కోస్తాం."

"ఇదేటి బాబూ? మొన్నటి దాకా ఇంటికొచ్చి పట్టుకెళ్లీవోరు. ఆళ్లు తేమా గీమా సూసీవోరు కాదు."

"ఆళ్లు దొంగలమ్మా. మనది గవర్నమెంటు."