పూలు సరే, రిలీవరేదీ?

2020 మే 3న కోవిడ్ సిబ్బందికి కృతజ్ఞతగా హెలికాప్టర్లు హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి మీద కురిపించిన పూలవానని టీవీలు తిప్పి తిప్పి చూపించాయి. అంతకుముందు మార్చి 22న గంటలు, పళ్లేలు. ఏప్రిల్ 5న దీపాలు. ఆపైన పుష్పాలు. వరస చూస్తే షోడశోపచారాలూ పూర్తిచేసేట్టే కనిపించాం. నైవేద్యమంటారా, దేవుడికి చూపించి మనమే తినేస్తాం గనక ఖర్చేమీ లేదు.

ఇంతకీ ఆ పూలు పడింది ఎవరి మీద? బయట వరసగా నిలబడ్డవాళ్ల మీద. వార్డులో సిస్టర్ పీపీఈ కిట్టులో ఉంది. అది తొడిగాక ఆరేడు గంటలు మంచినీళ్లుండవు, బాత్రూముండదు. కొందరు డైపర్లు కట్టుకుని డ్యూటీ చేశారు. కళ్లద్దాలకి ఆవిరి పట్టి నరం కనపడదు. పూలవాన చూద్దామని బయటికి రావాలంటే కిట్టు విప్పాలి, విప్పింది పారెయ్యాలి, ఇంకోటి కావాలంటే స్టోర్సుని బతిమాలాలి. నెత్తిన ఒక్క రేకు పడటానికి ఒక కిట్టు ఖర్చు.

పోనీ, ఆ రేకుల్ని ఊడ్చిందెవరు? పారిశుద్ధ్య కార్మికురాలికి పూలు చీపురు కింద దొరికి ఉంటాయి. కోవిడ్ ఆసుపత్రి ఆవరణలో పడ్డ పూలని ఆసుపత్రి వ్యర్థాల పసుపు సంచిలో వెయ్యాలా, మామూలు చెత్తలోనా? దీనికి సర్క్యులర్ వచ్చినట్టు లేదు.

ఆ సాయంత్రం నౌకాదళం ఓడలకీ దీపాలు పెట్టారు. ఓడలకి!

వేళాకోళం చాలు. ఐసీయూలో ఒక పేషెంటుకి ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. ఎన్నిచోట్ల ఉంది? తర్వాతి షిఫ్టుకి రిలీవర్ రాకపోతే డ్యూటీ మీద డ్యూటీ. చిన్న ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సుకి నెలకి 20 వేలకు తగ్గకూడదని సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన కమిటీ 2016లోనే చెప్పింది. 2020 నాటికి నాలుగేళ్లయినా ఆ కాగితాన్ని ఏ హెలికాప్టరూ తెచ్చి పడెయ్యలేదు. బర్నౌట్ పనిచేసేచోటే పుడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే రాసిపెట్టింది. ఇక్కడ మాత్రం అలసిపోయానంటే ధ్యానం చెయ్యమని ఉచిత సలహా. మనిషిని పెట్టరు, సెలవివ్వరు, దేవత అని పిలుస్తారు. సిగ్గుండాలి.

మే 12న నర్సుల దినోత్సవం. పైగా 2020ని నర్సుల సంవత్సరమన్నారు. కేకులు కొయ్యండి. కానీ ఫొటో కోసం నైట్ డ్యూటీ వాళ్లని ఆపకండి. కోవిడ్ భయంతో ఓనరు ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు, వెళ్లి సామాను సర్దుకోవాలి.