పొగాకు మాట ఎత్తకు బాబూ

మా పొదిలి డిపోలో రాత్రి హైదరాబాద్ బస్సెక్కిన బీకాం కుర్రాడు మూడు నెలలు తిరిగేసరికి ఫుల్ స్టాక్ డెవలపర్ అయిపోతాడు. సివిల్ ఇంజినీరైనా, మెడికల్ రెప్‌గా ఊళ్లు తిరిగినవాడైనా అంతే. కోచింగ్ సెంటర్ల అడ్డా అమీర్‌పేట మైత్రీవనం ముందు నిలబడి తలెత్తితే ఆకాశం కనపడదు, జావా కనపడుతుంది. ఆ పక్కన పైథాన్, దాని పక్కన హాస్టల్, కింద కర్రీ పాయింట్. ఈమధ్య అన్నిటి నెత్తినా ఏఐ బోర్డు కూడా కట్టారు.

బతుకుదారి మార్చుకుంటున్నవాడిని వెక్కిరించడానికి నాకు నోరు రాదు. నా గొడవంతా వాడిని పనిలో పెట్టుకునే స్టార్టప్ దొరలతోనే. వాళ్ల ప్రకటన చూడండి: డిగ్రీతో పనిలేదు, ఆకలి ఉంటే చాలు. జీతం చూశాక ఆ ఆకలి ఎందుకో తెలుస్తుంది. కింద ఇంకో ముక్క: ఫ్రెషర్లు మాత్రమే, రెండేళ్ల అనుభవం తప్పనిసరి. ఈ రెండూ ఒకే మనిషిలో కలపడం బ్రహ్మ వల్ల కూడా కాదు, కన్సల్టెన్సీ వల్ల అవుతుంది. పేస్లిప్పులతో సహా అనుభవం చేతికొస్తుంది. ఆఫీసు ఎక్కడుందని మాత్రం అడక్కూడదు. వెరిఫికేషన్‌లో దొరికితే పోయేది కుర్రాడి ఉద్యోగమే. ఆ అబద్ధాన్ని పుట్టించిన ప్రకటన పోర్టల్లో చెక్కుచెదరదు.

అమెరికా ఇంతకన్నా ఘనం. 2017లో పుట్టిన లాంబ్డా స్కూల్ అనే కోడింగ్ బడి ముందు ఫీజు వద్దంది. ఏడాదికి 50 వేల డాలర్లు దాటి సంపాదించాక జీతంలో 17 శాతం రెండేళ్లు కడితే చాలంది. 71 నుంచి 86 శాతం మందికి ఉద్యోగాలొచ్చాయని చాటింది. లోపలి లెక్క సగం దగ్గరే, కొన్ని బ్యాచుల్లో 30. ఒక బ్యాచ్‌లో నూటికి నూరూ కొలువుల్లో చేరారని అధినేత ట్వీటేశాడు. ఆ నూరూ కలిపితే ఒక్క విద్యార్థి! 2024లో అక్కడి ప్రభుత్వ సంస్థ ఆ జీతంలో వాటా ఒప్పందం అప్పేనని తేల్చి, జరిమానా వేసి, ఇక అప్పులివ్వొద్దని నిషేధించింది. మన మైత్రీవనం బ్యానర్లు రాసేవాళ్లకి అంత తెగువ ఇంకా రాలేదు.

మా వీధి కుర్రాడి సంగతి వినండి. పొగాకు వేలం కేంద్రంలో ఒక వ్యాపారి దగ్గర లెక్కలు రాసేవాడు. బేలు మీద ఎవరూ పాట పాడకపోతే నోబిడ్ అని పడుతుందనీ, రైతు దాన్ని మళ్లీ బండికెత్తుకుని ఇంటికి పోవాల్సిందేననీ, ఆ కిరాయి కూడా అతని నెత్తినే పడుతుందనీ వాడికి తెలుసు. వాడూ అమీర్‌పేటలో కోర్సు చేశాడు. రైతులకు యాప్ చేస్తున్న స్టార్టప్ ఒకటి వాడిని ఇంటర్వ్యూకి పిలిచింది. ఇంకేం, దశ తిరిగిందనుకున్నాం. కోచింగ్ మాస్టారు మాత్రం "రెజ్యూమేలో పొగాకు మాట ఎత్తకు బాబూ, గ్యాప్ ఉన్నా పర్లేదు" అని ఆ లైను కొట్టేయించాడు. ఇంటర్వ్యూలో గంటసేపు లింక్డ్ లిస్టు తిరగేయమన్నారు. తిరగేశాడు, చేరాడు.

యాప్ మొదటి స్క్రీన్‌లోనే రైతు ఇమెయిల్ తప్పనిసరి. సరుకు గడిలో ఒకటే మాట: అమ్ముడైంది. "సార్, అమ్ముడుపోని బేలుకో?" అని అడిగాడు. "అది ఎడ్జ్ కేసు, ఎప్పుడో గానీ రాదు, తర్వాత చూద్దాం" అన్నారు. 2025 జూన్‌లో మాజీ ముఖ్యమంత్రి జగన్ పొదిలి వేలం కేంద్రానికి వచ్చి చూసిపోయింది ఆ ఎడ్జ్ కేసునే.

పండక్కి ఇంటికొచ్చిన కొడుకుని తండ్రి అడిగాడు: "ఏందబ్బాయా, వాళ్లకి నోబిడ్ అంటే ఏందో తెలీదా?"

"తెలీదు నాన్నా."

"మరి నిన్నడగొచ్చు గదా?"

"నేను జూనియర్ని."

స్టార్టప్ యజమానులకు ఒక మనవి. ఇలా దారి మార్చుకున్నవాళ్లు చవగ్గా దొరుకుతారని తీసుకుంటున్నారు, వ్యాపారం కాబట్టి తప్పు పట్టను. ఆ డబ్బులకే వాళ్ల పాత కొలువు కూడా కొసరుగా వస్తోంది. లింక్డ్ లిస్టు తిరగేయించాక ఓ పది నిమిషాలు దాని గురించీ అడగండి. ప్రకటనలో ఫ్రెషర్ కావాలో, అనుభవం కావాలో ఏదో ఒకటే రాయండి. పనిలో పనిగా జీతం అంకె కూడా వేయండి.