ఒక పోపు, రెండు ఉత్తరాలు

పదమూడో లియో పోపుగారి ఉత్తరాల్లో రెండింటి గురించి అమెరికాలోని క్యాథలిక్ విశ్వవిద్యాలయాలకు బాగా తెలుసు. 1879 నాటి ‘ఏటెర్ని పాత్రిస్’ తత్వశాస్త్రం నేర్పండి, అదీ థామస్ అక్వైనాస్ బాటలో నేర్పండి అంది. 1891 నాటి ‘రేరుమ్ నొవారుమ్’ పనివాడికి బతకడానికి చాలినంత కూలి ఇవ్వండి, వాళ్లు సంఘం పెట్టుకుంటే అడ్డుపడకండి అంది. మొదటిదాన్ని నెత్తిన పెట్టుకున్నారు. అందుకే ఈనాటికీ చాలాచోట్ల నర్సింగు చదివే అమ్మాయయినా, అకౌంటింగు చదివే అబ్బాయయినా ప్లేటోను దాటకుండా పట్టా పుచ్చుకోవడం కుదరదు. రెండోదాన్ని సిలబస్‌లో పెట్టారు. పిల్లలు చదువుతారు, పరీక్ష రాస్తారు. జీతాల విభాగానికి మాత్రం ఆ ఉత్తరం ఇంకా చేరలేదు. నూట ముప్పై ఏళ్లు దాటింది కదా, టపా ఆలస్యమై ఉంటుంది.

తత్వశాస్త్రం అందరికీ తప్పనిసరి అంటే బోలెడు సెక్షన్లు కావాలి. శాశ్వత ప్రొఫెసర్‌గారికి హైడెగర్ మీద పుస్తకం మిగిలిపోయింది, మొదటి ఏడాది పిల్లల దగ్గర కూర్చోలేరు. అప్పుడు అడ్జంక్ట్‌ను పిలుస్తారు. మన కాలేజీల్లో గెస్ట్ లెక్చరర్‌కు అక్కడి పేరు. డాక్టరేట్ ఉంటుంది, గది ఉండదు. దేశం మొత్తం మీద ఒక్కో కోర్సుకు సగటున ముట్టేది నాలుగు వేల డాలర్లకు అటూ ఇటూ. ఆరోగ్య బీమా చాలామందికి లేదు. పిల్లలు చాలినంతమంది చేరకపోతే ఆగస్టులో సెక్షన్ ఎగిరిపోతుంది, వేసవంతా రాసుకున్న నోట్సు ఆయన సొంత ఆస్తి.

మంగళవారం క్లాసు చూడండి. ప్లేటో ‘రిపబ్లిక్’ మొదటి భాగం. న్యాయమంటే బలవంతుడికి లాభించేదేనని త్రసిమాకస్ అంటాడు. గంటంబావులో వాడి వాదం తప్పని పిల్లల్ని ఒప్పించాలి. బయటికి రాగానే ఒకమ్మాయి, “ప్రొఫెసర్, మీ ఆఫీసు ఎక్కడ?” అంటుంది. క్యాంటీన్‌లో కిటికీ పక్క బల్ల చూపించి, వ్యాసం దిద్దించి, కారెక్కి, నలభై మైళ్ల అవతల ఇంకో కాలేజీలో మళ్లీ అదే త్రసిమాకస్‌ను ఓడించాలి. ఒకే రోజు రెండు ఊళ్లలో ఓడిపోయిన ఆ మనిషే గెలిచాడని నెలాఖరున జీతం చీటీ చెబుతుంది.

సోక్రటీస్ పాఠం చెప్పి పైసా పుచ్చుకోలేదు, సోఫిస్టులు దండిగా వసూలు చేశారు. విశ్వవిద్యాలయం ఇద్దరినీ గౌరవించింది: పిల్లల దగ్గర ఫీజు కట్టించుకునేటప్పుడు సోఫిస్టు మార్గం, పంతులికి ఇచ్చేటప్పుడు సోక్రటీస్ ఆదర్శం. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఎవరైనా నోరు విప్పితే “ఇది ఉద్యోగం కాదండీ, దేవుడి పిలుపు” అనే జవాబు సిద్ధం. వైస్ ప్రెసిడెంట్లకు వచ్చే పిలుపు మాత్రం బీమాతో, పింఛనుతో సహా వస్తుంది. బాస్కెట్‌బాల్ కోచ్‌ను దేవుడు పిలిచినట్టు ఎక్కడా వినలేదు, ఆయన్ను ఏజెంటే పిలుస్తాడు.

2012లో పిట్స్‌బర్గ్‌లోని డ్యూకేన్ విశ్వవిద్యాలయంలో లిబరల్ ఆర్ట్స్ పార్ట్‌టైం అధ్యాపకులు సంఘానికి ఓటేశారు. అదీ ఉక్కు కార్మికుల సంఘంలో చేరతామన్నారు. ఎన్నికకు మొదట ఒప్పుకున్న యాజమాన్యం తర్వాత ప్లేటు ఫిరాయించింది: మాది మతసంస్థ, ఇందులో ప్రభుత్వ కార్మిక బోర్డు వేలు పెడితే మత స్వేచ్ఛకు భంగం. బోర్డు మధ్యేమార్గం వెతికి, థియాలజీ వాళ్లను మినహాయించి మిగతావాళ్లు చేరవచ్చంది. దేవుడు ఉన్నాడని అక్వైనాస్ చూపిన అయిదు దారులు థియాలజీ గదిలో చెబితే మతం, వరండా దాటి ఫిలాసఫీ గదిలో చెబితే కూలిపని! చివరకు 2020 జనవరిలో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు విశ్వవిద్యాలయం పక్షానే తీర్పిచ్చింది.

కోర్టు అన్నది ఒక్కటే: ఇందులో ప్రభుత్వ బోర్డుకు అధికారం లేదు. సంఘంతో కూర్చుని మాట్లాడితే పాపమని జడ్జీలు చెప్పలేదు, చర్చి అసలే చెప్పలేదు. చర్చి సంస్థలు కూడా తమ ఉద్యోగుల సంఘ హక్కును గుర్తించాలని అమెరికా బిషప్పులే 1986లో రాసిపెట్టారు. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం 2013లో తన అడ్జంక్టులు సంఘం పెట్టుకుంటుంటే అడ్డుపడలేదు. అదీ క్యాథలిక్ సంస్థే, 1789 నుంచీ. సంఘం వచ్చాక అక్కడ దేవుడికి ఏ లోటూ జరిగినట్టు కబురు లేదు. మతం పేరు చెప్పి మతం చెప్పినదాన్నే ఎగ్గొట్టడానికి చాలా చదువు కావాలి. ఆ చదువున్న లాయర్లకు గంటల లెక్కన ఇచ్చేది పంతుళ్ల రేటు కాదు.

2025లో కొత్త పోపుగారు వచ్చారు. అమెరికన్, విల్లనోవా అనే క్యాథలిక్ విశ్వవిద్యాలయంలో 1977లో లెక్కల పట్టా తీసుకున్నారు. పద్నాలుగో లియో అని పేరు పెట్టుకోవడానికి ముఖ్య కారణం ఆ ‘రేరుమ్ నొవారుమ్’ ఉత్తరమేనని ఆయనే చెప్పారు. ఈ శుభసందర్భంలో కార్మికుడి గౌరవం మీద ఎక్కడో ఒకచోట కొత్త తప్పనిసరి కోర్సు మొదలవుతుందనే నా నమ్మకం. చెప్పడానికి పార్ట్‌టైం మనిషి కావాలి. జీతం సెక్షన్ లెక్కన, పిల్లలు చేరితేనే.