షేరింగన్న

నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాల వ్యాపార జీవితాన్ని పరిశీలించేవారికి బియ్యం వ్యాపారి, ఎరువుల కొట్టు గుమాస్తా, ఆడిటరు, శిల్పశాల మేస్త్రి వంటి పాత రకాల మనుషులతో పాటు, ఇంకా ఏ గ్రంథంలోనూ చోటు దక్కని ఒక కొత్త రకం మనిషి తారసపడతాడు. దుకాణం బోర్డు మీద ‘సేల్స్ అండ్ సర్వీస్’ అనీ, బిల్లు పుస్తకం మీద ‘హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్కింగ్’ అనీ ఉన్నా, అతడిని షేరింగన్న అని పిలవడమే సబబు. ఒక కంప్యూటర్లో ఉన్న ఫైలును మరో కంప్యూటర్లో తెరుచుకోవడం, ఒక బల్ల దగ్గరున్న ప్రింటర్ మీద నలుగురూ ప్రింటు తీసుకోవడం అనే ఏర్పాటుకు షేరింగ్ అని పేరు. ఆ ఏర్పాటు నడిచినంతకాలం ఇతడు ఎవరికీ గుర్తుకు రాడు, అది ఆగిన పది నిమిషాలకు ఊళ్లో ఇతనికంటే కావలసినవాడు మరొకడు ఉండడు.

ఇతని ఉపాధికి మూలం, ఏ దుకాణదారూ కంప్యూటర్లన్నింటినీ ఒకేసారి కొనకపోవడంలో ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే యంత్రంలోని ఫైళ్ల మీదా ప్రింటర్ మీదా పాస్‌వర్డ్‌ల మీదా అజమాయిషీ చేసే మూల సాఫ్ట్‌వేర్. ఏ సంవత్సరం కొన్న యంత్రానికి ఆ సంవత్సరపు బుద్ధే ఉంటుంది. ఒక మాదిరి డీటీపీ కేంద్రాన్ని తీసుకుంటే, శుభలేఖలు కూర్చే యంత్రం ఇప్పటికీ విండోస్ ఎక్స్‌పీ మీదనే నడుస్తూ ఉంటుంది, ఎందుకంటే పేజీలు కూర్చే పేజ్‌మేకరూ ‘అను’ అనే తెలుగు ఫాంట్లూ అందులో కుదురుకున్నట్లు మరెందులోనూ కుదురుకోవని యజమాని నమ్మకం; ఆ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో నీళ్లొదులుకున్నదన్న సంగతి ఈ ఊరి ముహూర్తాలకు పట్టలేదు. బిల్లుల బల్ల మీద విండోస్ 7, యజమాని గదిలో విండోస్ 11, ఇంజనీరింగ్ చదివే కొడుకు ఉచితంగా వస్తుందని ఉబుంటు ఎక్కించిన పాత ల్యాప్‌టాప్, పండక్కి బెంగళూరు నుంచి వచ్చిన అల్లుడి మ్యాక్‌బుక్ అన్నీ ఆ కప్పు కిందే ఉంటాయి. వీటన్నింటికీ కలిపి ఉన్న లేజర్ ప్రింటర్ ఒక్కటే, అది కానన్ ఎల్‌బీపీ 2900. దానికి నెట్‌వర్క్ తీగ తగిలించే చోటు లేదు గనుక ఏదో ఒక కంప్యూటర్‌కు యూఎస్‌బీతో వేలాడుతూ ఉంటుంది, మిగిలినవి ఆ కంప్యూటర్ ద్వారానే దాని దగ్గరకు పోవాలి. పైగా పేజీని చుక్కలుగా గీసే పనిని అది తాను చేయక, కంప్యూటర్లోని డ్రైవర్ చేత, అంటే ప్రింటర్ భాష తెలిసిన చిన్న సాఫ్ట్‌వేర్ చేత చేయించుకుంటుంది. ఆ డ్రైవర్ సరిగా కుదరని ఉబుంటు నుంచి ప్రింటు రప్పించడమంటే షేరింగన్నకు ఒక పూట పని, ఇంజనీరింగ్ కొడుకుకు ఒక సెమిస్టరు పని.

ఇన్ని రకాల యంత్రాలు మాట్లాడుకోవడానికి ఎస్‌ఎంబీ అనే నియమావళి ఉంది. ఫైలును ఎలా అడగాలో, ఎలా ఇవ్వాలో, అడుగుతున్నది ఎవరో ఎలా తేల్చుకోవాలో చెప్పే ఈ కట్టుబాటు 1980లలో ఐబీఎంలో పుట్టి, మైక్రోసాఫ్ట్ చేతిలో పెరిగింది. యూనిక్స్, లినక్స్ యంత్రాలకు అది పట్టుబడింది మాత్రం కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థి 1991–92 ప్రాంతంలో మొదలుపెట్టిన సాంబా అనే సాఫ్ట్‌వేర్ వల్ల. నియమాల పుస్తకం చేతిలో లేకపోయినా, తీగ మీద అటూ ఇటూ పోయే సమాచారాన్ని గమనించి, ఏ ప్రశ్నకు ఏ జవాబు వస్తున్నదో చూసి అతడు ఆ పని సాధించాడు. షేరింగన్న ఆ పేరు విని ఉండకపోవచ్చు గానీ, ఏ పుస్తకమూ తెరవకుండా, చూసి చూసి నేర్చుకున్నవాడు కావడం వల్ల ఇతడిని అదే సంప్రదాయంలోని వాడిగా లెక్కించడం తప్పు కాదు.

ఇతని పరీక్షకు ఒక క్రమం ఉంది, ఆ క్రమం శాస్త్రానికి విరుద్ధం కాదు. గడపలో చెప్పులు విడుస్తూనే “ఏం చేసినారు?” అని అడుగుతాడు. “ఏమీ చెయ్యలేదు సామీ, నిన్న సందేళ దాకా బాగనే వచ్చినాది, ఈ పొద్దే రాలేదు” అన్నది ఆ ప్రశ్నకు జిల్లా అంతటా వచ్చే జవాబు. ఆ జవాబును ఇతడు వింటాడే గానీ నమ్మడు. ముందుగా బిల్లు పుస్తకాల వెనక నంద్యాల ఎండకు ఉడికిపోతున్న స్విచ్‌ను, అంటే తీగలన్నీ వచ్చి కలిసే చిన్న పెట్టెను, తడిమి చూస్తాడు. దీపాలు మిణుకుమంటుంటే పింగ్ కొడతాడు. ఒక యంత్రం రెండో యంత్రాన్ని ‘ఉన్నావా’ అని పలకరించి జవాబు కోసం చూడడమే పింగ్. జవాబు వస్తే తీగలో తప్పు లేదని తేలుతుంది. రాకపోతే, రాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటరు ప్రింటరున్న కంప్యూటర్‌కు నిన్నటి 192.168.1.5 బదులు మరో అంకెను చిరునామాగా ఇచ్చిందేమోనని వెతుకుతాడు. ఆ తరువాత తాళాల సంగతి: విండోస్‌లో షేర్ చేసిన ఫోల్డరుకు షేరింగ్ అనుమతి ఒకటి, డిస్కు మీది ఫైలు అనుమతి ఒకటి, రెండు తాళాలుంటాయి, నెట్‌వర్క్ నుంచి వచ్చేవారికి రెండింటిలో ఏది బిగువైతే అదే చెల్లుతుంది, ఒకటి తెరిచి రెండోది మరిచిన పాపానికి పూటలు గడిచిపోతాయి. చివరగా స్పూలర్ వంతు వస్తుంది. ప్రింటుకు వచ్చిన పనులను వరుసలో నిలబెట్టే ఈ సేవలో ముందున్న పని పాడైతే వెనకవన్నీ ఆగిపోతాయి గనుక, దానిని ఆపి, వరుసను ఖాళీ చేసి, మళ్లీ మొదలుపెట్టాలి. ఖాళీ చేయడం మరిచిన రోజున, పొద్దున్నుంచి ఎవరికి వారు నాలుగేసి సార్లు నొక్కిన ప్రింట్లన్నీ ఒక్కసారిగా బయటకు వచ్చి, కాగితం రీము అయిపోయేదాకా ఆగవు.

అయితే చాలా సందర్భాలలో అసలు కారణం వీటిలో ఏదీ కాదు. ప్రింటరు వేలాడుతున్న కంప్యూటర్ యజమాని గదిలో ఉంటుంది, కరెంటు బిల్లు మీద గౌరవం గల ఆ యజమాని భోజనానికి పోతూ దానిని ఆర్పి, గదికి తాళం వేసుకుని పోతాడు. ఈ సంగతి షేరింగన్నకు పింగ్ కొట్టిన మొదటి నిమిషంలోనే అర్థమవుతుంది. కానీ స్విచ్ వేసినందుకు డబ్బు అడగడం పెద్దమనిషి తరహా కాదు గనుక, తాళం తెప్పించి యంత్రాన్ని లేపిన తరువాత కూడా నల్లటి తెర ఒకటి తెరిచి, పెదవులు బిగించి, తెల్లటి అక్షరాలు పైకి పాకుతుండగా కొంతసేపు ఏదో టైపు చేస్తాడు. అందులో సగం ఆదేశాలు యంత్రం పేరేమిటో యంత్రాన్నే అడిగేవి. చూస్తున్నవారికి భక్తి కలుగుతుంది, టీ వస్తుంది.

ఆళ్లగడ్డ నుంచి పిలుపు వస్తే విధానం మారుతుంది. అది సుమారు 40 కిలోమీటర్ల దూరం కాబట్టి సగం పని ఫోనులోనే, తరచుగా సిరివెళ్ల దగ్గర బస్సు కిటికీ పక్క నుంచే జరుగుతుంది. “ఎనక్కి వాలిన గీతలు రెండు కొట్టు సామీ.” “ఎనక్కంటే యా పక్కకన్నా?” “ఎంటర్ మీద ఉండాదే, అదీ.” “అది కొడితే నిలువు గీత వచ్చినాది.” “షిఫ్టు మీంచి ఏలు తియ్.” విండోస్‌లో మరో కంప్యూటర్ పేరుకు ముందు వెనక్కి వాలిన గీతలు రెండు ఉండాలి, మ్యాక్‌లో ఎస్‌ఎంబీ అని రాసి ముందుకు వాలిన గీతలు పెట్టాలి అన్న ఈ ఒక్క భేదం మీద ఖర్చయిన ఫోను మాటలకు లెక్క లేదు. శిల్పశాలల దగ్గర చిక్కు మరో తరహాది. విగ్రహాల కొలతలను మేస్త్రి కొడుకు ఉబుంటులో ‘నంది 3:2’ అన్న పేరుతో దాచుకుంటాడు. లినక్స్‌కు ఆ రెండు చుక్కల మీద అభ్యంతరం లేదు గానీ, విండోస్ వాటిని ఫైలు పేరులో ఒప్పుకోదు గనుక సాంబా ఆ పేరును అక్షరాలూ అంకెలూ కలగలిసిన ఒక పొట్టి వింత పేరుగా మార్చి చూపుతుంది. తండ్రి దానిని వైరస్ అనుకుంటాడు. అల్లుడి మ్యాక్ ఫోల్డరు ఫోల్డరుకూ వదిలిపోయిన డీఎస్ స్టోర్ అనే చిన్న ఫైళ్లను కూడా వైరస్ కిందే జమ కట్టి, వాటిని తుడిచే ఊపులో గర్భాలయ కొలతలను కూడా తుడిచిపెట్టే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ఏ రోగానికైనా షేరింగన్న చెప్పే నిదానం ఒకటే: “అప్‌డేట్ అయినాది.” చదువుకున్నవారు నవ్వుతారు గానీ, ఈ విషయంలో ఇతని మాట తరచుగా నిజమవుతుంది. 2021 జులైలో విండోస్ స్పూలర్‌లో ప్రింట్‌నైట్‌మేర్ అనే పెద్ద లొసుగు బయటపడిన తరువాత మైక్రోసాఫ్ట్ వరుసగా బిగింపులు చేసింది. ఆ సెప్టెంబరు అప్‌డేట్‌తో నిన్నటిదాకా నడిచిన షేరింగ్ ప్రింటర్లు ప్రపంచమంతటా 11బీ అనే ఎర్రర్ సంఖ్య చూపి మొరాయించాయి. తప్పు కనిపెట్టడంలో ఇతనికి సాటి లేదు. చికిత్స దగ్గరే పేచీ: అడ్డం వచ్చిన రక్షణను తీసివేయడం తప్ప ఇతనికి మరో మార్గం తోచదు. ఫైర్‌వాల్ ఆపుతాడు, అప్‌డేట్‌ను పెరికివేస్తాడు, ఫోల్డరుకు ‘ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్’ అని, అంటే వచ్చినవారందరికీ సర్వాధికారాలు అని, రాసిస్తాడు. అన్నింటికంటే ఘనకార్యం ఎస్‌ఎంబీ మొదటి రూపాన్ని తిరిగి మేల్కొలపడం. 2017 మేలో వానాక్రై అనే వైరస్, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రకం, సరిగ్గా ఆ మొదటి రూపంలోని లొసుగు పట్టుకునే దేశాలన్నీ తిరిగింది, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని వాత పడ్డాయి. ఆ ఏడాది చివరి నుంచి కొత్తగా ఎక్కించిన విండోస్ 10లో దానిని మామూలుగా ఇవ్వడం మానేశారు. కానీ శుభలేఖల ఎక్స్‌పీకి ఆ ఒక్క రూపమే తెలుసు గనుక, దాని ముచ్చట కోసం మిగిలిన యంత్రాలన్నీ తలుపులు తెరిచి కూర్చోవలసి వస్తుంది. ఆ ఎక్స్‌పీ తీగ పీకి, ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో మోసుకుంటే సరిపోతుందని ఇతనికి తెలియకపోలేదు; తెలిసినా చెప్పకపోవడానికి కారణం, ఆ తీగ ఉన్నంతకాలం నెలకొక పిలుపు ఖాయమన్నదే అయి ఉంటుంది.

ఇటువంటి మనిషిని దారిలో పెట్టిన ఘనత పోలీసులకు గాక విండోస్ 11కే దక్కింది. 2024 అక్టోబరులో వచ్చిన 24హెచ్2 కూర్పు, దాని ప్రో రకంలో, పేరూ పాస్‌వర్డూ లేని అతిథి ప్రవేశాన్ని నిరాకరించి, ప్రతి ఎస్‌ఎంబీ సంభాషణకూ డిజిటల్ సంతకం ఉండాలని పట్టుబట్టింది. ఎవ్రీవన్ మంత్రం పారలేదు. గత్యంతరం లేక షేరింగన్న, ప్రింటరున్న యంత్రంలో దుకాణం పేర ఒక ఖాతా తెరిచి, దానికి పాస్‌వర్డ్ పెట్టి, మిగిలిన యంత్రాలకు ఆ పేరూ పాస్‌వర్డూ ఇవ్వడమనే సరైన పద్ధతికి మొదటిసారిగా వచ్చాడు. దానిని తాను కనిపెట్టిన కొత్త సర్వీసుగా ప్రకటించి, రేటు పెంచాడు. యజమాని రేటుకు ఒప్పుకున్నాడు గానీ, పాస్‌వర్డ్ గుర్తుండదని మొండికేశాడు. ఇద్దరూ బేరమాడి దుకాణం పేరుకు 123 చేర్చి, స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలలో అట్ట మీద రాసి, సెల్లో టేపుతో ప్రింటరు నెత్తికే అంటించారు.